పట్టా ఎవరి పేరున?

"తమరేనా, లోపలికి దయచేయండి" అని మర్యాదగా తలుపు తీసి, తీరా సామాను దించబోయేసరికి "అనుమతి లేదు" అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు చెప్పండి! మొన్న ఒక సర్వరు నాకు సరిగ్గా అంత మర్యాదా చేసింది.

మా శాఖలో పెద్దాయన రిటైరు కావడంతో పిల్లల ఇంటర్నల్ మార్కులు పంపే పని నా నెత్తిన పడింది. అరవై మంది పిల్లలు. సగం మంది తండ్రులు బొగ్గుబాయి పనికి పోయేవాళ్ళు. గడువు మర్నాడు మధ్యాహ్నం. సర్వరు చూసే కుర్రవాడికి ఫోను చేశాను. "దానికేముంది సార్, మీ ఇంటికీ పెద్దాయన ఇంటికీ మొత్తం 777 కొట్టేస్తా" అన్నాడు. కొట్టాడు. ఫైలు వెళ్ళింది. హాయిగా భోంచేశాను.

రాత్రి రిజిస్టరు తిరగేస్తుంటే గుండె గుభేలుమంది. ఒక అమ్మాయికి 21 రావలసింది, 12 అని పంపాను. దిద్దుదామని వెళితే ఈసారి వాకిలే తెరుచుకోలేదు. నా తాళంచెవి చెల్లదట!

హైదరాబాదులో ఇదే ఉద్యోగం చేస్తున్న పాత శిష్యుడొకడు ఉన్నాడు. యైటింక్లైన్ కాలనీ పిల్లవాడు. అంతా విని నవ్వాడు. "సార్, కాలనీ గేటు దాటినంత మాత్రాన క్వార్టరు మనదైతదా? పట్టా ఎవరి పేరు మీద ఉన్నదో సూడాలె గదా!"

ఆ ఫోల్డరు ఇంకా పెద్దాయన పేరుననే ఉందన్నమాట. హక్కులు మార్చాలంటే యజమాని మార్చాలి, లేదా రూట్ అనే సర్వాధికారి మార్చాలి. నాబోటివాడి వల్ల కాదు. ఫైలు పక్కన కనిపించే తొమ్మిది అక్షరాలు మూడేసి చొప్పున మూడు గణాలు (ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది). మొదటి గణం యజమానికి, రెండోది అతని జట్టుకు, మూడోది ఊరందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫోల్డరు విషయంలో ఆ 1 లోపలికి అడుగు పెట్టే హక్కు. అన్నీ కలిపితే 7. మూడు ఏడులంటే ముగ్గురికీ సర్వహక్కులు!

"మరి అందరికీ తెరిచినప్పుడు నన్నెందుకు తోసేసింది?" అన్నాను.

"అందుకే తోసేసింది సార్. ఎవరి తాళంచెవికి తలుపు తియ్యాలో రాసిన జాబితా మీ ఇంట్లనే ఉంటది. ఆ జాబితాల ఎవడైనా రాయొచ్చంటే సర్వరు దాన్ని నమ్మది."

ఫిన్లాండులో తాతు యూలోనెన్ 1995లో ఈ రక్షణ మార్గాన్ని మొదలుపెట్టిందే, ఆయన విశ్వవిద్యాలయంలో దారిలో పోయే పాస్‌వర్డులను ఎవరో దొంగిలించినందువల్లనట. అలాంటి వంశంలో పుట్టినది అనుమానించకేం చేస్తుంది?

అంతటితో ఆగక ఇంకొక మాట అన్నాడు. ఫైలుకు ఎంత కట్టుదిట్టం చేసినా, ఫోల్డరులో రాసే హక్కున్నవాడు మామూలుగా ఆ ఫైలునే తుడిచేసి, అదే పేరుతో మరొకటి పెట్టగలడు. ఇక నాకు నిద్రెక్కడిది! ఆ యంత్రంలో ఖాతా ఉన్న ప్రతివాడి చేతికీ అరవై మంది పిల్లల మార్కులూ అందేటట్టు పెట్టించినది నేనే కదా.

తెల్లవారి కుర్రవాడి చేత, శిష్యుడు చెప్పినట్టే, ఫోల్డరును ఉమ్మడి చోటికి మార్పించి, పట్టా నా పేరునా జట్టు మా శాఖ పేరునా రాయించాను. హక్కులు 2770. ముందున్న ఆ 2 వల్ల రేపు ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది శాఖ జట్టుకే చెందుతుందట. నేను రిటైరైనప్పుడు నా వెనక వచ్చేవాడికి ఈ అవస్థ ఉండదు. నా ఇంటికీ తాళాల పెట్టెకూ 700, జాబితాకు 600.

రిజిస్టరు పక్కన పెట్టుకుని అరవై పేర్లూ వేలు పెట్టి సరిచూశాను. ఎవరూ ముట్టుకోలేదు. తప్పు ఒక్కటే, అదీ నాదే. 21 అని దిద్ది పంపాను. సర్వరు కిక్కురుమనకుండా పుచ్చుకుంది.