పిల్లల బ్లాడర్ డైరీ: యాప్ కన్నా దారానికి కట్టిన పెన్సిలే మేలు

దేనికైనా ముందు ప్లేస్టోర్ వెతికే బాపతు నేను. భీమవరంలో ఉండే మా అక్క కొడుకు ఏడేళ్లొచ్చినా రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. డాక్టర్ గారు బ్లాడర్ డైరీ రాయమన్నారని తెలియగానే అక్క ఫోన్‌లో ఓ యాప్ వేసిచ్చా.

డైరీ అంటే పెద్ద పనేం కాదు. ఎప్పుడు ఎంత తాగాడు, ఎప్పుడు ఒంటికెళ్లాడు, ఎన్ని ఎంఎల్, ఎప్పుడు తడిసింది. అంతే. పిల్లల మూత్ర సమస్యలపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐసీసీఎస్ ప్రకారం పగటి కొలతలు 48 గంటలు, పక్క తడిపే లెక్క ఏడు రాత్రులు రాయాలి. మూత్రాశయంలో ఎంత పట్టాలో అంచనాకి సూత్రం కూడా ఉంది: వయసుకి ఒకటి కలిపి 30తో గుణించడం. మావాడికి 240 ఎంఎల్.

యాప్ వైపు గట్టి సాక్ష్యమే ఉంది. దీర్ఘకాలిక నొప్పులున్న పెద్దవాళ్లకి కాగితం డైరీలిచ్చి, అవి ఎప్పుడు తెరుస్తున్నారో సెన్సర్లతో చూశారు. ఆ అధ్యయనం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 90 శాతం నింపి ఇచ్చారు కానీ, వేళకి రాసింది 11 శాతమే! ఎలక్ట్రానిక్ డైరీలో 94.

మా ఇంట్లో ఇది తిరగబడింది. ఫోన్ అక్క దగ్గర, వాడు బాత్రూంలో. బడికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. రాత్రి పదింటికి అక్క గుర్తు తెచ్చుకుని అన్నీ ఒకేసారి కొట్టేది. పైగా ఓ ఆదివారం చుట్టాలున్నప్పుడు ఫోన్ మీద "రాత్రి తడిసిందా?" అని నోటిఫికేషన్. ఓ పిల్లాడు పైకి చదివేశాడు. మావాడు ఆ పూట అన్నం ముట్టలేదు. లాక్ స్క్రీన్ సెట్టింగ్ చూడని తప్పు నాదే.

2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అక్క ఇచ్చింది. వాణ్ణి మాత్రం ఎవరం అడగలేదు.

మర్నాడు అమ్మ బాత్రూం తలుపుకి లోపలివైపు రూళ్ల కాగితం అంటించి, దారంతో పెన్సిల్ కట్టి, పక్కన కొలగ్లాసు పెట్టింది. అప్పట్నుంచి వాడే రాస్తున్నాడు. బడి రోజుల్లో ఇంటికి రాగానే 280 ఎంఎల్ కనిపించింది. ఎందుకురా అంటే, "మావయ్యా, బళ్లో బాత్రూం కంపు. ఇంటికొచ్చేదాకా ఆపుకుంటా" అన్నాడు. ఏ యాప్‌లోనూ ఈ కాలమ్ లేదు.

సొంత ఫోనున్న టీనేజర్లకి యాప్ బావుంటుంది. చిన్నపిల్లలకి కాగితమే పెట్టండి, డాక్టర్ దగ్గరికెళ్లే ముందు ఫొటో తీసుకోండి. యాపే కావాలంటే ముందు నోటిఫికేషన్లు ఆపేయండి.