అమెరికా ఆట, అరువు మైదానం

కోల్‌కతా శివారులోని న్యూ టౌన్‌లో ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జాతీయ శిక్షణ కేంద్రం ఉన్నది అక్కడే. అలియా, సెయింట్ జేవియర్స్ విశ్వవిద్యాలయాలూ అక్కడే ఉన్నాయి. అయితే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, హెల్మెట్లు, ప్యాడ్లు తొడుక్కుని ఒకరినొకరు ఢీకొనే అమెరికన్ ఫుట్‌బాల్‌కూ ఒకప్పుడు కోల్‌కతా పేరుతో ఒక జట్టు ఉండేదంటే నమ్మేవారు తక్కువే.

దాని పేరు కోల్‌కతా వైపర్స్. హైదరాబాద్‌కూ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది. రెండూ 2011లో ఆర్భాటంగా ప్రకటించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలోవి. హాలీవుడ్ నటుడు మార్క్ వాల్‌బర్గ్, మాజీ క్రీడాకారుడు కర్ట్ వార్నర్, ప్రఖ్యాత కోచ్ మైక్ డిట్కా దాని వెనుక నిలిచారు. రగ్బీ, కబడ్డీ వంటి ఆటల నుంచి కుర్రాళ్లను ఏరి తెచ్చి కొత్త ఆట నేర్పారు. తీరా 2012లో మొదటి సీజన్ జరిగింది కోల్‌కతాలోనూ కాదు, హైదరాబాద్‌లోనూ కాదు. కొలంబోలోని సుగతదాస స్టేడియంలో, టీవీ కెమెరాల కోసం. ఫైనల్లో పుణె మరాఠాస్ 6-0తో ఢిల్లీ డిఫెండర్స్‌ను ఓడించింది. ఆ విజయాన్ని సొంత ఊరి జనం మైదానంలో కూర్చుని చూసే అవకాశమే లేకపోయింది. లీగ్ ఆ తర్వాత నిలదొక్కుకోలేదు.

విచిత్రమేమిటంటే, అమెరికా కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయిన స్కోరు కూడా 6-0యే. కెంటకీ రాష్ట్రంలోని డాన్‌విల్ అనే చిన్న ఊళ్లో సెంటర్ కాలేజీ ఉంది. 1921లో అక్కడి విద్యార్థులు మూడొందల లోపే. ఆ ఏడాది అక్టోబర్ 29న ఆ జట్టు, ఐదేళ్లుగా ఓటమి ఎరుగని హార్వర్డ్‌ను దాని సొంత మైదానంలోనే మట్టి కరిపించింది. మూడో క్వార్టర్‌లో బో మెక్‌మిలన్ 32 గజాలు పరిగెత్తి చేసిన టచ్‌డౌన్ ఒక్కటే ఆ మ్యాచ్ ఫలితాన్ని తేల్చింది. రసాయన సూత్రంలా ‘సీ6 హెచ్0’ అని డాన్‌విల్‌లో గోడకెక్కిన రాత అక్కడివారికి ఇప్పటికీ గర్వకారణం.

అది గాలివాటు గెలుపు కాదు. మెక్‌మిలన్‌తోపాటు జట్టులోని కీలక ఆటగాళ్లు కొందరు టెక్సాస్‌లోని ఒకే హైస్కూల్‌లో కలిసి ఆడినవారు. అంతకుముందు ఏడాది ఇదే హార్వర్డ్ చేతిలో 31-14తో ఓడి, మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి గెలిచారు. 1922 జనవరి 2న టెక్సాస్ ఎ అండ్ ఎం చేతిలో 22-14 ఓటమితో ఆ సీజన్ ముగిసింది. అయినా ఊరు ఆ జట్టును మరిచిపోలేదు.

ఈ కిటుకు తెలుగువారికి కొత్తదేమీ కాదు. బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన భారత జట్టుకు కోచ్ కూడా ఆయనే. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్ కూడా టీవీ సరుకే. కాకపోతే ఆ ఆట అప్పటికే ఊరూరా ఉంది. కెమెరాలు దాన్ని వెతుక్కుంటూ వెళ్లాయంతే. అమెరికన్ ఫుట్‌బాల్ విషయంలో ముందు కెమెరా వచ్చింది, ఆట ఆ తర్వాత.

నష్టపోయింది పెట్టుబడిదారులు మాత్రమే కాదు. తమ ఆట వదిలి కొత్త ఆట నేర్చుకున్న కుర్రాళ్లకు, లీగ్ చల్లారాక ఆడుకోవడానికి కాలేజీ జట్టయినా దొరకని పరిస్థితి. మరోసారి ప్రయత్నించదలచినవారికి ఇప్పుడు చౌకైన దారి ఒకటుంది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో చోటు దక్కిన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు జట్టుకు ఐదుగురు చాలు. హెల్మెట్లు అక్కర్లేదు, ఢీకొట్టుకోవడాలు లేవు. నడుముకు కట్టుకున్న గుడ్డపేలికను లాగేస్తే ఆటగాడిని ఆపినట్టే. నగరాల పేర్లతో జట్లను వేలం వేసేముందు, న్యూ టౌన్‌లోనో గచ్చిబౌలిలోనో రెండు కళాశాలల మధ్య ఏటా ఒక మ్యాచ్ జరిపించగలిగితే చాలు. ఓడిన జట్టు మరుసటి ఏడాది కసితో తిరిగి వస్తే, ఆట నిలబడినట్టే.