వతన్ గోడ లోపల ఉన్నోళ్ళకి ఏ సఫర్ పాట?

ఎండాకాలం సెలవులొస్తే గాజువాకలో ఇంటింటా ఒకటే హడావిడి. సామాను సర్దుడు, నీళ్ళ సీసాలు, సఫర్ దువా, ఆ తర్వాత కారులో ఏ పాట పెట్టాలన్న జగడా. బచ్చాలకి కొత్త సినిమా పాట కావాలి, అబ్బాకి రఫీ సాబ్ కావాలి. పాటలే వద్దనుకునే ఇళ్ళూ ఉన్నాయి, వాళ్ళతో నాకు బహస్ లేదు. వినేవాళ్ళు నా రాయ్ అడిగితే మాత్రం చౌరస్తా బ్యాండ్ వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామ' పెట్టండంటాను.

హైదరాబాద్ కుర్రాళ్ళ బ్యాండ్ అది. హీరో లేడు, సినిమా లేదు. మన జానపదానికి రెగె తాళం కలిపారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులు కలపొద్దని పాట కట్టిందీ వీళ్ళే. ఆ బ్యాండ్‌తో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాలకెళ్ళి 2021లో జాతిరత్నాలు 'చిట్టి', 2022లో డీజే టిల్లు టైటిల్ పాటతో మషూర్ అయ్యాడు. ఖుషీయే. కానీ నా దిల్‌లో మాత్రం ఆ ఊరి పాటదే పెద్ద జాగా.

ఎందుకంటారా? అమెరికా వాళ్ళ ఎండాకాలం రోడ్డు పాటల్లో కారుంటుంది, స్పీడుంటుంది. ఎక్కడికని అడగక్కర్లేదు. మన పాటలోవాడు పట్నం మీద బేజారై ఎర్రబస్సెక్కుతాడు. వాళ్ళది ఆజాదీ పాట, మనది వాపసీ పాట.

గాజువాక అంటేనే రోజీ కోసం వచ్చినోళ్ళ ఊరు. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి పోర్టుకీ, షిప్‌యార్డుకీ, స్టీలు ప్లాంటుకీ వచ్చారు. వాళ్ళకి ఈ పాట సీదాగా తగులుతుంది. సెలవుల్లో పోవడానికి వాళ్ళకి ఊరుంది.

మరి లేనోళ్ళ సంగతి? 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 32 మంది జాన్ ఇచ్చారు. ఆ ప్లాంటు కోసం 64 ఊళ్ళు భూమి ఇచ్చాయి. అగనంపూడి, వడ్లపూడి నిర్వాసిత కాలనీల్లో పెద్దోళ్ళనడగండి. వాళ్ళ ఊరికి ఏ ఎర్రబస్సూ పోదు. అది ప్లాంటు ప్రహరీ గోడ లోపలుంది. మిగతా ముసాఫిర్లు వతన్‌కి దూరంగా ఉన్నారు. వీళ్ళ వతన్ పక్కనే ఉంది, అయినా పోలేరు.

ప్లాంటుని తిట్టడం నా మక్సద్ కాదు. మనలో ఎన్నో ఇళ్ళ రోటీ అక్కడిదే, ఆ నమక్ మరిచిపోకూడదు. కానీ రోటీ పెట్టిందని, పోయిన ఊరి పేరు కూడా మరిచిపోవాలా?

సెలవు పూట ఈ గమ్ ఎందుకంటారేమో. పాట హుషారైనదే, వెనక సీట్లో పిల్లలు ఊగుతారు. దర్ద్ లోపలుంది, పెద్దోళ్ళకే అందుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ కలిసి వినే పాట అది.

ఈసారి అనకాపల్లి వైపు పోతుంటే, కూర్మన్నపాలెం స్టీలు ప్లాంటు గేటు దగ్గరికొచ్చేసరికి పాట ఆపండి. కారులో నానీయో దాదీయో ఉంటే, "మనదే ఊరు? ఆ చెరువు పేరేంటి? మస్జిద్ ఎటువైపుండేది?" అని అడగండి. పక్కింటి అప్పలనరసమ్మగారు మీతో వస్తుంటే ఆమెనీ అడగండి. ఈ యాద్‌లు రాసిపెట్టేవాళ్ళు తక్కువ. ఆ పేర్లు తెలిసిన జబాన్‌లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. మన పిల్లల నోట ఒక్క ఊరి పేరైనా నిలబడితే, ఆ సఫర్ ముబారక్ అయినట్టే.