ఆరంభశూరుల ఏప్రిల్

ఏప్రిల్ నెల వచ్చిందంటే అమెరికాలో లక్షలమందికి ఓ కొత్త అలవాటు మొదలవుతుంది. పొద్దున కాఫీ కప్పు పట్టుకోగానే, రాత్రి తమ ‘టీమ్’ ఎలా ఆడిందో చూసుకోవాలి. ఆ టీమ్‌కి మైదానం ఉండదు. కోచ్ ఉండడు. ఉన్నదల్లా ఓ ఇరవైమూడు పేర్ల జాబితా. దానికి యజమాని మాత్రం ఉంటాడు... ఆ కాఫీ తాగుతున్నాయనే!

ఇదే ఫాంటసీ బేస్‌బాల్. పదిపన్నెండుమంది స్నేహితులు సీజన్‌కి ముందు ఓచోట కూర్చుని, నిజం ఆటగాళ్లను వేలంలో పాడుకుంటారు. బాగా వాడుకలో ఉన్న నిబంధన ప్రకారం తలా 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు. చాలాచోట్ల ఆ డాలర్లు లెక్కకే తప్ప ఎవరి జేబులోంచీ వచ్చేవి కావు. ఆ ఆటగాళ్లు అసలు మ్యాచ్‌ల్లో కొట్టిన హోమ్‌రన్లు, వాళ్ల బ్యాటింగ్ సగటు, పిచ్చర్లు గెలిపించిన మ్యాచ్‌లు... ఇలా ఒక్కో అంశంలో ఎవరి జట్టు ఎన్నో స్థానంలో ఉందో చూసి పాయింట్లు వేస్తారు. ఇలా సెప్టెంబరు నెలాఖరుదాకా సాగుతుంది. ఒక్కో అసలు జట్టు ఆడేది 162 మ్యాచ్‌లు మరి!

ఈ సరదాకు మూలపురుషుడు డానియల్ ఓక్రెంట్. తర్వాతి రోజుల్లో ‘న్యూయార్క్ టైమ్స్’కు మొదటి పబ్లిక్ ఎడిటర్‌గా పనిచేసిన ఆయనే. 1980లో పుస్తక ప్రచురణ, పత్రికా రంగాల్లోని మిత్రులతో కలిసి తొలి లీగ్ మొదలుపెట్టాడు. వాళ్లంతా భోజనానికి కలుసుకునే మన్‌హటన్ రెస్టారెంటు పేరు ‘లా రోటిస్సరీ ఫ్రాన్సేజ్’. అందుకే ఆటకూ ‘రోటిస్సరీ’ అనే పేరు వచ్చింది. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి? పత్రికల్లో అచ్చయిన స్కోర్లు చూసి చేత్తో కూడికలు వేసుకునేవారు. 1981లో ఆటగాళ్ల సమ్మెతో బేస్‌బాల్ సుమారు రెండు నెలలు ఆగిపోయింది. రాయడానికి మ్యాచ్‌లు లేని క్రీడా విలేకరులు ఈ వింత లీగ్ గురించి రాయడంతో సంగతి దేశమంతా పాకింది.

అసలు గమ్మత్తంతా మొదటి నెలలోనే ఉంది. సీజన్ మొదలై పదిరోజులు కాకముందే మిత్రబృందంలో మూడు రకాల మనుషులు తయారవుతారు. పట్టికలో పైనున్నాయన రోజుకోసారి ఆ పట్టికను అందరికీ పంపుతుంటాడు. అడుగునున్నాయన ‘ఇంకా అయిదున్నర నెలలుందిగా’ అంటూనే రాత్రిళ్లు నిద్ర మానేసి జట్టు మారుస్తుంటాడు. మధ్యలో ఉన్నవాళ్లు అడుగునున్నాయనకు ఫోన్లు చేస్తుంటారు. పరామర్శకు కాదు, బేరానికి!

ఏప్రిల్ ఎందరికి టోపీ వేసిందో చరిత్ర చెబుతుంది. 1994 ఏప్రిల్ 4న చికాగో కబ్స్ ఆటగాడు టఫీ రోడ్స్ సీజన్ తొలి మ్యాచ్‌లోనే మూడు హోమ్‌రన్లు కొట్టాడు. ఎదురుగా ఉన్న పిచ్చర్ సామాన్యుడు కాదు, డ్వైట్ గూడెన్. ఆ రాత్రి రోడ్స్‌ని తన జట్టులో వేసుకోవాలని తహతహలాడినవాళ్లు ఎందరో! సీజన్ మొత్తానికి అతను కొట్టినవి ఎనిమిదే.

2006లో డెట్రాయిట్ టైగర్స్‌కి చెందిన క్రిస్ షెల్టన్‌ది మరీ విచిత్రం. తొలి 13 మ్యాచ్‌ల్లో 9 హోమ్‌రన్లు. ఆ లెక్కన సీజన్ చివరికి వంద దాటాలి! తీరా చూస్తే మొత్తం 16 దగ్గర ఆగిపోయాడు. జులై నెలాఖరుకల్లా జట్టు అతన్ని కింది స్థాయి లీగ్‌కి పంపేసింది. తెలుగులో ‘ఆరంభశూరత్వం’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

అలాగని తొలి మెరుపులన్నీ బూటకం అనుకుంటే మరో బోర్లా. 2016లో కొలరాడో రాకీస్ కుర్రాడు ట్రెవర్ స్టోరీ మొదటి ఆరు మ్యాచ్‌ల్లో ఏడు హోమ్‌రన్లు కొట్టాడు. ‘ఇతనూ షెల్టనే’ అని వదిలేసుకున్నవాళ్లు చేతులు నలుపుకొన్నారు. బొటనవేలి గాయంతో సీజన్ మధ్యలోనే ఆగిపోయినా అప్పటికే 27 కొట్టేశాడు. 2018లో ఏకంగా 37.

ఇక నెమ్మదిగా మొదలయ్యేవాళ్ల సంగతి. 2009లో బోస్టన్ హీరో డేవిడ్ ఓర్టిజ్ మే 20దాకా ఒక్క హోమ్‌రన్ కొట్టలేదు. ‘పనైపోయింది’ అన్నారంతా. సీజన్ ముగిసేసరికి 28 ఉన్నాయి. 2024 ఏప్రిల్ నెలాఖరుకి యాంకీస్ దిగ్గజం ఆరన్ జడ్జ్ సగటు .220 కూడా లేదు. ఏడాది చివరికి అదే జడ్జ్ సగటు .322, హోమ్‌రన్లు 58, చేతిలో అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు. ఏప్రిల్‌లో భయపడి అతన్ని ఎవరికైనా కట్టబెట్టిన యజమాని ఉంటే ఆ వేసవి ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

ఎందుకిలా? చిన్న లెక్క చాలు. బేస్‌బాల్‌లో సగటు అంటే, లెక్కలోకి వచ్చే ప్రతి వంద అవకాశాలకీ ఎన్ని హిట్లు వచ్చాయన్నది. మొదటి రెండువారాల్లో ఒక బ్యాటర్‌కి సుమారు 50 అవకాశాలు వస్తాయనుకుందాం. 17 హిట్లు వస్తే సగటు .340... మహావీరుడు. 12 వస్తే .240... మామూలు మనిషి. తేడా అయిదే హిట్లు! గాలి కాస్త అటు వీచినా, ఫీల్డర్ అడుగు ఆలస్యమైనా ఆ అయిదూ ఇటువి అటవుతాయి. అదే సీజన్ మొత్తంలో 550 అవకాశాలు వస్తే, అదే తేడా 55 హిట్లు. అది గాలివాటంగా వచ్చేది కాదు. పైగా ఉత్తరాది నగరాల్లో ఏప్రిల్ ఇంకా చలికాలమే. చల్లగాలిలో బంతి అంత దూరం పోదు.

ఇంత తెలిసినా చేతులు ఊరుకోవు. ఏ ఆటగాడైనా వదిలేస్తే పక్కవాడు ఎత్తుకుపోతాడేమోనని ఒక బెంగ. ఎత్తుకోకపోతే మంచి అవకాశం పోతుందేమోనని మరో బెంగ. ‘ఆలస్యం అమృతం విషం’ అంటుంది ఒక సామెత. ‘నిదానమే ప్రధానం’ అంటుంది మరొకటి. ఏప్రిల్‌లో ఈ రెండిటి మధ్య నలిగిపోవడమే ఈ ఆట.

అయితే అసలు పరీక్ష ఇంకొకటుంది. ముగ్గురు పిచ్చర్లు గాయపడి, తన పెద్ద బ్యాటర్ ఆడక, పట్టికలో అడుగునున్న మిత్రుడు కంగారులో ఉన్నాడు. షెల్టన్‌లాంటి వాణ్ని చూపించి జడ్జ్‌లాంటి వాణ్ని అడగవచ్చా? నిబంధనల ప్రకారం తప్పేం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే బేరం. కానీ ఆగస్టులో అతనికి సంగతి అర్థమవుతుంది. అప్పుడు పోయేది ఒక ఆటగాడు కాదు, వచ్చే ఏడాది ఫోనెత్తే మనిషి. అందుకే చాలా లీగుల్లో మరీ అన్యాయమైన బేరాన్ని మిగతావాళ్లు ఓటేసి కొట్టేసే వెసులుబాటు పెట్టుకున్నారు. దాంతో మళ్లీ పంచాయతీలు! ‘నీకేం నష్టమని ఓటేశావ్?’ అని వారాలపాటు మాటల్లేకుండా ఉండేవాళ్లూ ఉంటారు. చట్టం కన్నా పాతకాపుల పద్ధతే మేలు. బేరానికి ముందు ‘ఓ రెండ్రోజులాగి ఆలోచించుకో’ అని ఎదుటివాడికి చెప్పడం. రెండ్రోజుల తర్వాతా సరేనంటే ఇక గొడవే లేదు.

ఫాంటసీ ఆట మన ఇళ్లకూ కొత్త కాదు. 2008లో పుట్టిన డ్రీమ్11 పుణ్యమా అని క్రికెట్ జట్లు కట్టని కుర్రాళ్లు తక్కువ. అయితే అక్కడ డబ్బు కట్టి ఆడే పోటీల్లో అవతలున్నదెవరో తెలియదు. ఒక్క రాత్రిలో ఆట ముగుస్తుంది. పోతే డబ్బు పోతుంది. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేశాక ఆ నగదు పోటీలు ఆగిపోయాయి. స్నేహితుల లీగ్ దారి వేరు. అవతలున్నది పెళ్లికి పిలిచిన మనిషి. అతనితో ఆరునెలలు వేగాలి. ఓడినా మాట్లాడాలి, గెలిచినా మాట్లాడాలి. ఉద్యోగాలు మారి, ఊళ్లు మారి, పిల్లల చదువుల్లో పడి విడిపోయే మిత్రులకు వారానికోసారైనా పలకరించుకునే సాకు ఇది.

తొలి లీగ్ పెద్దలు ఈ కిటుకు మొదట్లోనే పట్టుకున్నారు. గెలిచినవాడికి సన్మానం ఏమిటో తెలుసా? ‘యూహూ’ అనే చాక్లెట్ పానీయాన్ని నెత్తిన గుమ్మరించడం! విజేతను చూసి అసూయపడే బదులు అందరూ నవ్వుకోవచ్చు. ఇంకో విశేషం... ఆట కనిపెట్టిన ఓక్రెంట్ ఆ రోటిస్సరీ లీగ్‌ను ఒక్కసారీ గెలవలేదు. 1981లో ‘ఇన్‌సైడ్ స్పోర్ట్స్’ పత్రికకు తన తొలి సీజన్ ముచ్చట్లు రాస్తూ పెట్టుకున్న శీర్షిక కూడా, జార్జ్ ఫాస్టర్ 36 డాలర్ల విలువ చేయని ఏడాది గురించే. 1977లో 52 హోమ్‌రన్లు కొట్టిన ఫాస్టర్, 1980లో 25తో సరిపెట్టాడు మరి.

కాబట్టి ఏ మిత్రుడైనా ఈ ఏప్రిల్‌లో పట్టిక అడుగున ఉంటే కంగారు పడక్కర్లేదు. మార్చిలో ఏ ఆటగాణ్ని ఎందుకు కొన్నాడో ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు. ఆ కారణం ఇంకా నిలిచి ఉంటే ఆటగాణ్ని ఉంచుకోవాలి. పైనున్న మిత్రుడైతే... పట్టిక పంపడం కాస్త తగ్గించుకోవాలి. జులై ఇంకా రాలేదు!