దాతల బడులకు తాళములు

పట్టణమున నొక ఉన్నత పాఠశాల మూతపడినదన్న వార్తకు నేటి పత్రికలలో నాలుగు పంక్తుల చోటైనను దొరకుట లేదు. సినిమాహాలు మూతపడినచో విచారించు జనము, ముగ్గురు తరముల వారికి అక్షరము చెప్పిన బడి తలుపు మూసినచో ఆ వీథిని పోవుచు తలయెత్తియైనను చూడరు. ఈ ఉదాసీనతయే మాకు భయము గొల్పుచున్నది.

ఆంధ్రదేశమున ఉన్నతవిద్య కేవలము సర్కారు పెట్టిన భిక్ష కాదు. రాబర్టు నోబిలు 1843లో బందరున బడి పెట్టెను. ప్రజలు నడుపు బడులకు ఖజానానుండి సహాయ మీయవలెనను సూత్రమును 1854 నాటి వుడ్డు దొర విద్యా తాఖీదు స్థిరపరచెను. స్థలమును కట్టడమును దాతలవి, జీతములకు సాయము సర్కారుది, తనిఖీ విద్యాశాఖది. ఈ ఏర్పాటుతోనే మిషనులు, జమీందారులు, వర్తకులు, ప్లీడర్లు మన పట్టణములలో బడులు నిలిపిరి. ఆ సహాయమునుగూడ కోరక, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగారలు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, పుస్తకవిద్యతో చేతిపనులను జోడించిరి. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో బాలికలకై శారదానికేతనమును నెలకొల్పిరి. చందాలెత్తి బడి కట్టిన జాతి మనది.

ఆ వారసత్వమున కేమి గతి పట్టినది? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2021 ఆగస్టులో ఎయిడెడు విద్యాసంస్థలను గూర్చి ఉత్తర్వులు వెలువరించెను. యాజమాన్యములు ఆస్తులతో సహా సంస్థను సర్కారున కప్పగింపవచ్చును. లేదా సహాయము పొందు ఉపాధ్యాయులను మాత్రమే అప్పగించి, బడిని సొంత ఖర్చుతో నడుపుకొనవచ్చును. నిర్బంధ మేమియు లేదని ప్రభుత్వము పలికెను. కాని ఉపాధ్యాయులు లేచిపోయిన బడి యెట్లు నడచును? జీతమునకై ఫీజు వేయవలెను. ఫీజు చెల్లింపలేని బిడ్డ వెడలిపోవలెను. విశాఖపట్టణము మొదలగు చోట్ల తల్లిదండ్రులు వీథుల కెక్కిరి. ఆ నవంబరులో ప్రభుత్వము మరల మెమో నిచ్చి, ఇదివరకిచ్చిన సమ్మతిని వెనుకకు దీసికొనుటకుగూడ వీలు కల్పించెను. వీథి కెక్కిన తల్లుల గొంతు వ్యర్థము కాదని దీనివలన తేలినది.

మూతను సమర్థించువారు రెండు వాదములు చెప్పుదురు. బడిలో పిల్లలు లేరనునది మొదటిది. ఎట్లుందురు? పదవీవిరమణ చేసిన పంతులుగారి స్థానమున మరియొకరిని ఏండ్ల తరబడి నియమింపరైరి. గణితమునకు పంతులు లేడు, పిదప సైన్సునకు లేడు. అంతట పిల్లలు ప్రయివేటు బడి దారి పట్టిరి. నీరు పోయక చెట్టు నెండబెట్టి, ఎండినది గాన నరకవలె ననుట ఏ న్యాయము? తెలంగాణమునను ఎయిడెడు బడుల కీ కరువు తప్పలేదు.

యాజమాన్యములలో అవినీతి యున్నదనునది రెండవ వాదము. ఉన్నచోట్ల ఉన్నది, మేము దాచము. దోషిని శిక్షింపుడు, లెక్కలు తనిఖీ చేయుడు, కమిటీని మార్పుడు. ధర్మకర్త దొంగయైనచో గుడి మూయుదుమా?

చట్టమున మరియొక లోపము గలదు. 2009 నాటి నిర్బంధవిద్యా చట్టము ఆరునుండి పదునాలుగేండ్లవరకే హక్కు నిచ్చును; అనగా ఎనిమిదవ తరగతితో దాని రక్షణ ముగియును. తొమ్మిది, పది తరగతులు చదువవలసిన పేద బాలికకు సమీపమున నున్న బడి పోయినచో, ఆ చట్ట మామె నాదుకొనదు. దూరపు బడికి పంపుటకంటె ఇంట నుంచుటయే మేలని తలచు తండ్రులు మన పట్టణములలో నేటికి నున్నారు.

ఇక స్థలము మాట. ఊరి నడుమ నొక దాత బడికై వ్రాసియిచ్చిన యెకరము నేడు కోట్ల విలువ చేయును. బడి మూతపడిన పిదప ఆ యెకర మెవరి పాలగును? ఈ ప్రశ్న నడుగుటకు పౌరులు సంకోచించుచుండగా, సమాధానము సిద్ధపరచుకొనువారు సంకోచించుట లేదు.

కావున మేము కోరునవి మూడు. బడికై వ్రాసిన దానపత్రములను ప్రజల యెదుట నుంచవలెను; బడి లేకున్న ఆ స్థలము విద్యకు దప్ప మరియొకదానికి చెల్లరాదు. ఖాళీలను పూరించి, కొన్నియేండ్లు గడువిచ్చిన పిమ్మటగాని పిల్లల సంఖ్యను లెక్కింపరాదు. తల్లిదండ్రుల సభ జరుపక ఏ బడికిని తాళము వేయరాదు.

పాఠకమహాశయులారా! మీలో పెక్కుమంది ఇట్టి బడులలోనే చదివి ఉద్యోగములకును వ్యాపారములకును ఎక్కితిరి. మీ బిడ్డలను మరియొక బడికి పంపితిరి. అది మీ యిష్టము. కాని ఆ బల్లలమీద నేడు కూర్చున్నవారు మీ పొరుగువారి బిడ్డలు. మీ ఊరి బడి దానపత్ర మెక్కడ నున్నదో ఈ వారమే విచారింపుడు. తాళము పడిన పిదప జరుపు సంతాపసభలకు మేము రాము.