పానా పడిందని చెప్పిన వాడికి శిక్ష వద్దు



2025 వానాకాలంలో ఒక సాయంత్రం షోలాపూరులో ఒక సాంచా కార్మికుడు తన కొడుకును వెంటబెట్టుకుని మన యూనియన్ ఆఫీసుకు వచ్చాడు. కుర్రవాడికి పందొమ్మిదేళ్లు. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని ఈ ఊరు వచ్చారు. మన పిల్లలందరికీ ఇవాళ సాంచాల మీద పని దొరకడం లేదు. కొందరు దర్జీ పనికి, కొందరు హమాలీ పనికి, కొందరు మోటారు గ్యారేజీలకు పోతున్నారు. ఈ కుర్రవాడు గ్యారేజీలో హెల్పరు.

"అన్నా, వీడి జీతంలో నెలనెలా కోత పెడుతున్నారు. నష్టం చేసిన మాట నిజమే. కానీ ఇట్లా ఎన్నాళ్లు?" అన్నాడు తండ్రి. కొడుకు తల ఎత్తలేదు.

జరిగింది ఇది. ఒక పాత పెట్రోలు కారుకు ఇంజను పైనుంచి ఆయిలు కారుతున్నదని ట్యాపెట్ కవరు విప్పి గాస్కెట్టు మారుస్తున్నారు. పెద్ద మేస్త్రీ భోజనానికి పోయాడు. కుర్రవాడు బోల్టు విప్పుతుంటే నట్టు మీద బోర్లించి తిప్పే 10 నంబరు గోటీ పట్టు తప్పింది. అది హెడ్డు మీద ఒకసారి, ఇంకా కింద ఎక్కడో మరొకసారి టక్కుమన్నది. టార్చి వేసి చూస్తే కనిపించలేదు. బండి గిరాకీ బయట నిలబడి తొందర పెడుతున్నాడు. కుర్రవాడు ఎవరికీ చెప్పలేదు. కొత్త గాస్కెట్టు వేసి, కవరు బిగించి, సెల్ఫ్ కొట్టాడు.

గోటీ టైమింగ్ చైను పక్కనున్న సందులోంచి జారి, చైనుకూ కింది పళ్ల చక్రానికీ మధ్య ఇరుక్కున్నది. చైను పళ్లు దాటింది. మూసుకోవలసిన వాల్వులు తెరుచుకునే ఉన్నాయి. పైకి వచ్చిన పిస్టన్లు వాటిని కొట్టి వంచేశాయి. గంటలో అయ్యే పని హెడ్డు దించేదాకా పోయింది. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

మేము ఫిట్టరు పని తెలిసిన మన పెద్దలను కూర్చోబెట్టి, అప్పుడు ఏం చేసి ఉండవలసింది అని అడిగాం. వాళ్లు చెప్పింది ఇక్కడ రాస్తున్నాం. గ్యారేజీల్లో పని చేస్తున్న మన పిల్లలకు చదివి వినిపించండి.

మొదటి పని ఏమీ చేయకపోవడం. ఇంజను ఒక్క చుట్టు కూడా తిరగరాదు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేస్తే ఇంకెవరో వచ్చి తెలియక సెల్ఫ్ కొట్టే ప్రమాదం ఉండదు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పిస్టను సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. దాని మధ్య ఇనుము పడితే ఏమవుతుందో సాంచా నడిపే మనకు వేరే చెప్పనక్కర లేదు.

రెండో పని, తెరిచి ఉన్న మిగతా రంధ్రాలన్నిటినీ శుభ్రమైన గుడ్డతో మూయడం. ఒకటి వెతుకుతూ ఇంకొకటి పడేసుకోవడం కొత్తవాళ్లకు మామూలే. తర్వాత టార్చి, చిన్న అద్దం పట్టుకుని చూడాలి. వేలు పెట్టి, స్క్రూడ్రైవరు పెట్టి కెలికితే అందేది కూడా ఇంకా లోతుకు పోతుంది. చిన్న అయస్కాంతం ఉన్న సాగే కడ్డీ దింపితే ఉక్కు గోటీ, పానా, బోల్టు అంటుకుని పైకి వస్తాయి. అల్యూమినియం, ఇత్తడి అయస్కాంతానికి అంటవు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా చాలావరకు అంటదు. అలాంటివైతే కొనకు గట్టి గ్రీజు అద్దిన కడ్డీ గానీ, కొనలో వేళ్లు తెరుచుకునే వంగే తీగ గానీ వాడాలి. ఈ రోజుల్లో ఫోనుకు తగిలించి లోపలికి చూసే సన్న తీగ కెమెరాలు కూడా వచ్చాయి.

కవరు విప్పిన చోట పడిన వస్తువు చైను సందులోనో, ఆయిలు దిగే దారిలోనో నిలుస్తుంది, లేకపోతే కింద ఆయిల్ చాంబరుకు చేరుతుంది. పైనుంచి అందకపోతే ఆయిలు వంపి చాంబరు విప్పి చూడాలి. ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండరులోకి పడితే అక్కడి నుంచి తీసిన తర్వాతే ఇంజను తిప్పాలి. చివరిదీ అన్నిటికంటే ముఖ్యమైనదీ లెక్క. పని మొదలుపెట్టే ముందు ట్రేలో ఎన్ని పనిముట్లు ఉన్నాయో, కవరు మూసే ముందు అన్నీ ఉండాలి. ఒకటి తగ్గితే కవరు మూయరాదు.

ఇందులో ఒక పూటకు మించిన పని లేదు. మరి కుర్రవాడు ఎందుకు చెప్పలేదు? అదే అడిగాం. అతని కంటే ముందు ఆ గ్యారేజీలో ఉన్న హెల్పరు ఒకసారి నట్టు పడిందని నిజం చెప్పాడట. నట్టు దొరికింది, బండికి ఏమీ కాలేదు. అయినా ఆ పూట పని ఆగిందని అతని కూలి కోశారు, గిరాకీ ముందు చెయ్యి చేసుకున్నారు. మన కుర్రవాడు పక్కన నిలబడి అది చూశాడు. చూసి నేర్చుకున్నాడు.

మేము నలుగురం వెళ్లి గ్యారేజీ సేఠ్‌తో మాట్లాడాం. మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. "చెప్పి ఉంటే ఒక పూటలో అయిపోయేది కదా, ఎందుకు దాచాడు?" అన్నాడు. "ముందు వాడు చెప్పాడు కదా, వాడికి మీరేం ఇచ్చారు?" అని అడిగాం. సేఠ్ దగ్గర జవాబు లేకపోయింది.

నష్టం పేరుతో ఇష్టం వచ్చినట్టు కోత పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అప్పటికి అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం గానీ, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ గానీ ఒకటే చెబుతున్నాయి. కార్మికుని సంరక్షణకు ప్రత్యేకంగా అప్పగించిన వస్తువై ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోతకు ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, కోత నష్టాన్ని మించరాదు. ఇదంతా చెప్పాక కోత సగానికి తగ్గింది. మిగతా సగం కుర్రవాడు ఇంకా కడుతూనే ఉన్నాడు. దీన్ని విజయమని మేము చెప్పుకోవడం లేదు.

ఇది చిన్న గ్యారేజీల్లోనే జరిగే సంగతి కాదు. 2023 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక ఎయిర్‌బస్ ఎ380 విమానం ఇంజనుకు తనిఖీ జరిగింది. ఇంజనును చేత్తో తిప్పడానికి వాడిన నాలుగడుగుల నైలాన్ పనిముట్టు లోపలే ఉండిపోయింది. పనిముట్టు లెక్కకు రాలేదని తెలిసినా, పోయినదాన్ని వెతికే పద్ధతి మొదలుపెట్టకుండానే విమానాన్ని వదిలారు. అది దొరికేలోగా ఆ విమానం 34 ప్రయాణాలు చేసింది, 290 గంటలకు పైగా ఎగిరింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి రవాణా భద్రతా సంస్థ 2024లో నివేదిక ఇచ్చి ఈ సంగతి లోకానికి చెప్పింది. అంత చదువు, అంత యంత్రాంగం ఉన్న చోటే లెక్క తప్పినప్పుడు, మన పందొమ్మిదేళ్ల హెల్పరు ఒక్కణ్నే దోషిగా నిలబెట్టడం ఏం న్యాయం?

ఇక మన ఖాతాలు చూసుకుందాం. జాబరు పానా సాంచా మీద మరిచిపోతే, సాంచా నడిచాక నాడె దానికి తగిలి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఎగిరిన నాడె పక్క సాంచా మీద ఉన్న మనిషి కంటికి తగలవచ్చు. స్పిన్నింగ్ మిల్లుల్లో పని చేసే సోదరులకు తెలుసు, కార్డింగ్‌లో సిలిండరుకూ ఫ్లాట్లకూ మధ్య ఎడం ఇంచీని వెయ్యి భాగాలు చేస్తే పది భాగాల లెక్కన ఉంటుంది. అందులోకి ఒక నట్టు పోతే వైరు చెడుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. చుట్టూ ఉన్నది పత్తి. బ్లోరూములో పత్తి పోయే దారిలో అయస్కాంతాలు పెట్టింది ఇందుకే. కారు ఇంజనులో గోటీ పడితే చెడేది బండి. మన దగ్గర పడితే పోయేది మనిషి ప్రాణం.

అయినా మనం ఎందుకు దాస్తాం? జరిమానా భయం ఒకటి. రెండోది ముక్క రేటు. సాంచా నిలబడితే మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే కూలి ఆగుతుంది. పానా వెతకడానికి అరగంట ఆపితే ఆ అరగంట కూలి ఎవరు ఇస్తారు? ఎవరూ ఇవ్వరు. అంటే నిజం చెప్పిన వాడికి నష్టం, దాచిన వాడికి లాభం అనే పద్ధతిని యాజమాన్యమే నడుపుతున్నది. ఆ తర్వాత ప్రమాదం జరిగితే కార్మికుని అజాగ్రత్త అని కాగితం రాస్తున్నది.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కొత్త కుర్రవాడు "పడిపోయింది మేస్త్రీ" అంటే నవ్వేది మనమే, తిట్టేది మనమే. మనలో జాబర్లయిన వాళ్లు కొందరు చెయ్యి కూడా లేపుతారు. సేఠ్ దగ్గర నేర్చుకున్న బుద్ధిని మన పిల్లల మీద చూపించడం మానాలి.

దీని మీద రెండు అభ్యంతరాలు వచ్చాయి. శిక్ష లేకపోతే అజాగ్రత్త పెరుగుతుందని యాజమానులు అంటున్నారు. చేతిలోంచి పానా జారడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా జరుగుతుంది. దాన్ని శిక్ష ఆపలేదు, నోటిని మాత్రం మూయగలదు. యూనియనే చెప్పమంటే యాజమాన్యానికి చాడీలు చెప్పినట్టు కాదా అని మన సోదరులు కొందరు అడిగారు. ఒకడు ఇంకొకడి మీద చెప్పడం చాడీ. నా చేతిలోంచి పడింది, మిషను ఆపండి అనడం పక్కవాడి ప్రాణం కాపాడడం.

కనుక మేము యాజమాన్యాల ముందు పెడుతున్న కోరికలు ఇవి. పనిముట్టు పడిందని వెంటనే చెప్పిన కార్మికునికి జరిమానా గానీ, కోత గానీ, మెమో గానీ ఉండరాదు. వెతకడానికి మిషను ఆగిన కాలానికి సగటు కూలి కట్టాలి. ప్రతి ఖాతాలో పనిముట్ల బొమ్మలు గీసిన పలక పెట్టాలి, ఏది లేదో దూరం నుంచే కనిపించాలి. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు కలిసి లెక్క చూడాలి. టార్చి, అద్దం, అయస్కాంతపు కడ్డీ యాజమాన్యమే కొని పెట్టాలి. లెక్క కుదరనిదే మిషను నడపమని ఎవరినీ బలవంతం చేయరాదు.

మన వైపు నుంచి కూడా ఒక మాట ఇస్తున్నాం. చెప్పిన వాడి వెనుక యూనియన్ మొత్తం నిలబడుతుంది. దాచిన వాడు వచ్చినా వెళ్లగొట్టం. కానీ అతని పక్కన కూర్చుని ముందు ఒక ప్రశ్న అడుగుతాం: నీకు చెప్పాలంటే ఎవరి భయం? ఆ జవాబులో మన పేరు వస్తే అది కూడా వింటాం.

ఆ కుర్రవాడు ఇప్పటికీ అదే గ్యారేజీలో ఉన్నాడు. మొన్న కలిసినప్పుడు జేబులోంచి ఒక గోటీ తీసి చూపించాడు. దానికి వాళ్ల నాన్న సాంచా మీది నూలు పోగులు పేని కట్టుకున్నాడు. రెండో కొస పని చేసేటప్పుడు మణికట్టుకు చుట్టుకుంటాడట. తన ప్రయత్నం తను చేస్తున్నాడు. మిగిలింది మనం చేయాలి. వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ కోరికల మీద చర్చ జరుగుతుంది. అందరూ తప్పక రావాలని, మీ ఖాతాలో జరిగినవి, ఇన్నాళ్లు దాచినవి కూడా, ధైర్యంగా చెప్పాలని కోరుతున్నాం.