పేరు మోయలేని ఎముకకు పేరెందుకు?

ఒక మూతి ముక్క దొరుకుతుంది. వెంటనే దానికి ఒక పెద్ద లాటిన్ పేరు పెట్టేస్తారు. ఇది నాకు నచ్చదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, మొసలి పాత చుట్టాల్లో అలాంటి పేర్లు బోలెడు. (మొసలికీ ముసలికీ ఒక్క గుణింతమే తేడా. ఈ పోస్టులో రెండూ ఒకటే అనుకోండి.)

ఫైటోసార్లనే చూడండి. 20 కోట్ల ఏళ్ల కంటే పాతవి. పొడుగు మూతి, పదును పళ్లు, వీపు మీద పలకలు, అచ్చం మొసళ్లే. కానీ మొసలికి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటాయి, వీటికి కళ్ల దగ్గర ఉంటాయి. మొసలికి ఎంత దగ్గర చుట్టాలో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఫైటోసార్ అంటే మొక్కల బల్లి. 1828లో యేగర్ అనే జర్మన్ ఆయన, పళ్ల గుంటల్లో గట్టిపడ్డ మట్టిని పళ్లు అనుకుని, ఇది ఆకులు తినే జంతువు అని ఆ పేరు పెట్టాడు. అది మాంసం తినేది! పేరు మాత్రం ఉండిపోయింది.

మనవైపు కూడా ఇదే కథ. ఆదిలాబాద్ వైపు మలేరి రాళ్లలో దొరికిన ముక్కలకు 1885లో లిడెక్కర్ పారాసూకస్ హిస్లోపి అని పేరు స్థిరపరిచాడు. అందులో ఒక పుర్రె ముక్క అసలు ఆ జంతువుదే కాదు, రింకోసార్ అనే వేరే జంతువుదని తర్వాత తేలింది. మిగిలిన మూతి ముక్క చాలా ఫైటోసార్లకు సరిపోతుంది. ప్రతి జాతి పేరుకీ ఒక అసలు నమూనా ఉండాలని రూలు. నేను దాన్ని "పేరు మోసే ఎముక" అంటాను. ఈ మూతి ముక్క ఆ బరువు మోయలేకపోయింది.

తర్వాత కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి అదే మలేరి రాళ్లలో పక్కపక్కనే రెండు దాదాపు పూర్తి అస్థిపంజరాలు దొరికాయి. శంకర్ ఛటర్జీ 1978లో వాటిని వివరంగా వర్ణించాడు. అయినా పేరు మాత్రం ఆ పాత ముక్కకే వేలాడుతూ ఉంది. 1990లలో కొందరు, ముక్క పనికిరాదు కాబట్టి పేరూ పనికిరాదు, వీటిని 1904 నాటి అమెరికా పేరు పేలియోరైనస్ కింద పెడదాం అన్నారు.

ముక్క గురించి వాళ్లు చెప్పింది నిజం. పేరు తీసేయాలనడం మాత్రం తప్పు. ఛటర్జీ 2001లో అంతర్జాతీయ జంతునామకరణ కమిషన్‌కి అర్జీ పెట్టాడు. 2003లో కమిషన్ ఒప్పుకుని పేరును పూర్తి అస్థిపంజరానికి మార్చింది. ఇలా నచ్చిన ఎముకకు పేరు మార్చుకుంటూ పోతే రూలు ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. అయ్యా, ఈ దారి కూడా ఆ రూల్లోనే ఉంది! అర్జీ అందరి ముందూ అచ్చవుతుంది, ఎవరైనా కాదనవచ్చు. దొంగచాటు పని కాదు. 2016లో ఒక పరిశోధన పేలియోరైనస్‌ని పారాసూకస్‌లో కలిపేసింది. పాత పేరుదే గెలుపు కదా, వయోమింగ్ జంతువుకి ఇప్పుడు తెలంగాణ జంతువు పేరు. నాకు సంతోషంగా ఉంది, దాచను.

పేర్ల గొడవ మనకెందుకు అంటారా? పేలియోరైనస్ దొరికిన రాళ్లన్నీ, ఏ ఖండంలో ఉన్నా, ఒకే వయసువి అని లెక్కలు కట్టారు. కాని ఆ పేరు కింద పాత లక్షణాలున్న రకరకాల ఫైటోసార్లను పోగేస్తే ఆ లెక్క ఏమవుతుంది? ముక్కకు తప్పు పేరు పెడితే కొండకు తప్పు వయసు వస్తుంది.

పేరు లేకపోతే ఎముకను ఎవరూ పట్టించుకోరు అని ఒక వాదన. పట్టించుకోవడానికి నంబరు చాలు. రేపు మలేరిలో ఇంకో మూతి ముక్క దొరికితే చీటీ మీద "ఫైటోసార్, జాతి తెలియదు" అని రాయండి. ఏ పొరలో, ఏ చోట దొరికిందో రాయండి. సొరుగులో భద్రంగా పెట్టండి. పక్కన పెట్టి పోల్చడానికి అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది.